మీరడిగారు, నేను చెప్తున్నా: పండగ రోజుల్లో చెత్త బండి, రోడ్లు, పెన్షన్, ఏటి పండగ

ఈసారి వచ్చిన ఉత్తరాలూ వాట్సాప్ మెసేజీలూ సగానికి పైగా మున్సిపాలిటీ గురించే. క్రిస్మస్ నుంచి కనుమ దాకా మన ఊళ్ళల్లో ఇంటికి నలుగురు చుట్టాలు దిగుతారు గదా, అప్పుడే నీళ్ళూ చెత్తా రోడ్డూ అన్నీ గుర్తొస్తయ్. నేను మున్సిపల్ ఆఫీసులో ఇరవై ఆరేళ్ళు పనిచేసి రిటైరైనోణ్ణి, తెలిసింది తెలిసినట్టు చెప్తా. ఊరి పేరు వెయ్యొద్దన్న వాళ్ళది వెయ్యలేదు.

అన్నా, పోయిన సంక్రాంతికి కనుమ రోజూ ఆ మర్నాడూ మా వీధికి చెత్త బండి రాలేదు. ఇంటి నిండా చుట్టాలు. కోడీ మటనూ కడిగిన చెత్త కవర్లో కట్టి గేటు బయట పెడితే కుక్కలు చించి వీధంతా ఈడ్చినయ్. ముక్కు మూసుకోని ముగ్గెయ్యాల్సి వచ్చింది. ఈసారి ఎవర్ని అడగాల?
– ఒక గృహిణి, నెల్లూరు జిల్లా

అమ్మా, మీ బాధ నిజమే. ముందు చెయ్యాల్సింది ఏందంటే భోగికి రెండు రోజుల ముందే మీ వార్డు సచివాలయానికి పోయి శానిటేషన్ సెక్రటరీని కలిసి, పండగ మూడు రోజులూ బండి ఏ రోజు ఏ టైముకి వస్తదో అడిగి రాసుకోండి. పండక్కి పనోళ్ళని సగం సగం చేసి వంతులేస్తారు, అందుకని రోజూ ఏడింటికి వచ్చే బండి ఆ రోజుల్లో పదింటికి రావచ్చు, ఒక పూట అసలు రాకపోవచ్చు. అది ముందే తెలిస్తే మీరు కవరు బయట పెట్టరు గదా. చెప్పిన రోజున కూడా రాకపోతే ప్రభుత్వ ఫిర్యాదుల నంబర్ 1100కి ఫోన్ చేసి కంప్లైంట్ నంబర్ తీసుకోండి, ఆ నంబర్ లేకుండా ఎన్నిసార్లు అరిచినా అది కంప్లైంట్ కింద లెక్క కాదు. సోమవారం ఆఫీసులో ఫిర్యాదులు తీసుకునే గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చినా రసీదు అడిగి తీసుకోండి.

కోడి బొచ్చూ పేగులూ చేప పొలుసూ మాత్రం రాత్రిపూట గేటు బయట పెట్టొద్దు. మూతున్న బకెట్లో వేసి కాస్త బూడిద చల్లి లోపలే ఉంచి, విజిల్ వినపడ్డాక బయటికి తీసుకురండి. పెరడుంటే మూరెడు లోతు గుంత తీసి పూడ్చేస్తే ఇంకా మంచిది, మా అమ్మ జీవితమంతా అట్టానే చేసింది, ఆ గుంత మీదే బీరపాదు పెట్టేది.

ఇంకో మాట కూడా చెప్పాల. నేను పనిలో ఉన్నప్పుడు ఒక కనుమ మర్నాడు తెల్లారుజామున అయిదింటికి మస్టర్ దగ్గర, అంటే పారిశుధ్య పనోళ్ళకి హాజరేసే చోట, నిలబడి ఉంటే ఒకామె కుడి అరచెయ్యి పమిట చెంగులో చుట్టుకోని వచ్చింది. చెంగు తడిసి ఎర్రగా ఉంది. ఏందమ్మా అంటే, ఎవరో పగిలిన సీసా పెంకులు మిగిలిపోయిన బిర్యానీ కవర్లోనే వేసి ముడేశారంట, తడీ పొడీ వేరు చెయ్యకపోతే మేస్త్రీ ఊరుకోడని ఆమె చేత్తోనే ఆ ముడి విప్పింది. నాలుగు కుట్లు పడ్డయ్. ఆస్పత్రికి తీసకపోతుంటే దార్లో ఆమె అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది, సార్ ఇంటికాడ ఇంకా ముగ్గు కూడా వెయ్యలేదు అని. అందుకే అడుగుతున్నా, గాజు పెంకులు, బ్లేడ్లు, సూదులు విడిగా పేపర్లో చుట్టి, చేతికిచ్చేటప్పుడు నోటితో కూడా చెప్పండి.

చెత్త పన్ను 2024 డిసెంబర్ ఆఖర్లోనే రద్దయింది, కాబట్టి దాని పేరు చెప్పి ఎవరన్నా నెలనెలా డబ్బులడిగితే ఇవ్వనక్కర్లా. పండగ మామూలు వేరే సంగతి, అది మీ ఇష్టం. నాలుగు అరిసెలు డబ్బాలో పెట్టిచ్చినా వాళ్ళు ఎంత సంతోషపడతారో నేను చూశా. ఇంకా, 2025 జనవరి నుంచి ప్రతి నెలా మూడో శనివారం స్వర్ణాంధ్ర స్వచ్ఛాంధ్ర అని శుభ్రం చేసే కార్యక్రమం పెడుతున్నారు గదా, జనవరిలో మూడో శనివారం ఎప్పుడూ 15కీ 21కీ మధ్యే పడుతుంది, అంటే సరిగ్గా పండగ వెనకే. మీ వీధిలో మిగిలిపోయిన కుప్పలు, పూడిన కాలవలు ఆ రోజు ఎత్తించమని ముందే అడిగి పెట్టుకోండి, అధికారులు వీధుల్లోనే ఉంటారు ఆ రోజు.

క్రిస్మస్‌కి ముందే గుంతలు పూడుస్తాం అన్నారు, చర్చికి పోయే దారంతా ఇప్పటికీ గుంతలే. పక్క జిల్లాల్లో వేస్తారు, మనకే ఎందుకు వెయ్యరు?
– ఒక పాఠకుడు, ప్రకాశం జిల్లా

మనకి వానలు చాలా జిల్లాల్లోలాగా సెప్టెంబర్‌తోనే అయిపోవు తమ్ముడూ. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలు, వాటితో పాటు తుఫాన్లు. 2023 డిసెంబర్లో మిచౌంగ్ తుఫాను గుర్తుందా, ఆ వరదకే గుండ్లకమ్మ ప్రాజెక్టు గేటు కొట్టుకుపోయింది, అంతకు ముందు సంవత్సరం కూడా ఒక గేటు పోయింది. తడి నేల మీద తారు వేస్తే పట్టదు, నెల తిరక్కుండానే పొరలు పొరలుగా లేచొస్తది, ఆ బిల్లు మళ్ళీ మన పన్నులోంచే. కాబట్టి డిసెంబర్లో తారు వెయ్యలేదని కోప్పడొద్దు. అయితే అప్పటిదాకా గుంతలో కంకర, గ్రావెల్ వేసి తొక్కించొచ్చు గదా, దానికి వానతో పనిలేదు, అది చెయ్యకపోతే తప్పే. అది అడగండి. నోటితో కాదు, గుంత ఫోటో, పక్కన కరెంటు స్తంభం నంబర్ కనపడేటట్టు తీసి అర్జీకి అంటించండి. స్తంభం నంబర్ ఉంటే ఇంజనీరింగ్ సెక్షన్ వాళ్ళు స్థలం దొరకలా అని చెప్పలేరు.

జనవరి ఒకటి కొత్త సంవత్సరం గదా, మా నాయనకి పెన్షన్ ఎప్పుడిస్తారు?
– కావలి

2025 జనవరి పెన్షన్ డిసెంబర్ 31నే ఇంటికి తెచ్చిచ్చారు. ఈసారి తేదీ సచివాలయంలో అడగండి. ముందు రోజే ఇస్తారంటే మాత్రం నాయనని ఊరికి పంపొద్దు, పెద్దాయన వేలిముద్ర పడకపోతే ముఖం స్కాన్ చేసి కూడా ఇస్తారు గానీ మనిషి ఎదురుగా ఉండాల.

ఇంటి పన్ను రెండో సగం డిసెంబర్లోనే కట్టాలా, మార్చిలో కడితే కుదరదా?
– కందుకూరు

కుదురుతుంది, వడ్డీ పడుతుంది. డిసెంబర్ 31 దాటితే నెలకి 2 శాతం. వడ్డీ మాఫీ వస్తదిలే అని ఆగేవాళ్ళని చాలామందిని చూశా, వచ్చినప్పుడు వస్తది, రానప్పుడు బాకీ పేరుకుపోతది. ఆఫీసుకి పోనక్కర్లా, ప్రభుత్వం వాళ్ళ మన మిత్ర వాట్సాప్ నంబర్ 95523 00009కి మెసేజ్ పెట్టి మీ ఇంటి పన్ను అసెస్‌మెంట్ నంబర్ కొడితే అక్కడే కట్టెయ్యచ్చు. వచ్చే ఏడు ఏప్రిల్ 30 లోపు ఏడాది మొత్తం ఒకేసారి కడితే 5 శాతం తగ్గిస్తారు, ఆ తేదీ గుర్తు పెట్టుకోండి.

బాబాయ్ గారూ, నేను ఒంగోలు పిల్లని, పోయిన మేలో పెళ్ళయి నెల్లూరు వచ్చా. మా అత్తగారు ఏటి పండక్కి పోదాం అంటున్నారు. మా వైపు ఇది లేదు. ఏం తీసకపోవాల, ఎట్టా ఉంటది?
– ఒక కొత్త కోడలు, నెల్లూరు

నీ ఉత్తరం చదివి నాకు చాలా సంతోషమైందమ్మా. ధనుర్మాసమంతా ముగ్గులో పెట్టుకున్న గొబ్బెమ్మల్ని సంక్రాంతి ఆఖర్న పెన్నలో కలిపొచ్చే పండగ ఇది. రంగనాయకుల గుడి వెనక ఏటి ఒడ్డుకి ఊరు ఊరంతా దిగుతుంది. పసుపూ కుంకుమా పెట్టి, గుమ్మడి పువ్వు గుచ్చిన గొబ్బెమ్మని ఆడపిల్లలు నీళ్ళ అంచున వదిలిపెడతారు, పేడ మెల్లగా తడిసి విడిపోతా ఉంటే పసుప్పచ్చ పువ్వొక్కటి పైన తేలి పోతా ఉంటది. నీకన్నా చిన్న పిల్లలు దాని వెంబడి పరిగెత్తుతారు. ఆ తర్వాత ఇసకలో దుప్పటి పరుచుకోని పులిహోర, పెరుగన్నం, మిగిలిన అరిసెలు, మణుగుబూలు తిని, గాలిపటాలు చూసి చీకటి పడ్డాక రావడమే.

జనం దిగే ముందే కార్పొరేషన్ వాళ్ళు ఇసక చదును చేసి లైట్లు, బారికేడ్లు పెడతారు, ఈతగాళ్ళని కూడా పెడతారు. ఆ బారికేడ్ దాటొద్దు. పైకి చూస్తే మోకాళ్ళ లోతే అనిపిస్తది గానీ ఇసక తోడిన గుంతలు నీళ్ళ కింద కనపడవు, పైనున్న సోమశిల డ్యామ్ నుంచి నీళ్ళు వదిలినప్పుడు ఆ గుంతలు మారిపోతా ఉంటయ్ కూడా, అందుకని ఏటి పక్కనే పుట్టినోళ్ళు కూడా నమ్మరు. పిల్లకాయల చెయ్యి వదలొద్దు. గాలిపటానికి నైలాన్ మాంజా కొనొద్దని మీ మరిదికి చెప్పు, 2017లోనే పర్యావరణ కేసులు చూసే జాతీయ గ్రీన్ ట్రిబ్యునల్ దాన్ని నిషేధించింది, బైకు మీద పోయే మనిషి మెడకి తగిలితే ప్రాణం పోతుంది, నూలు దారం చాలు.

గొబ్బెమ్మతో పాటు ప్లాస్టిక్ కవరూ థర్మాకోల్ పళ్ళేలూ ఏట్లో వెయ్యకండి, ఇంట్లో ఉన్న స్టీలు టిఫిన్ డబ్బాలు తీసకపోండి. గుమ్మడి పువ్వులు ఆ రోజు పొద్దున మార్కెట్లో తొందరగా అయిపోతయ్, ముందు రోజు సాయంత్రమే తెచ్చుకోని తడి గుడ్డలో చుట్టి పెట్టుకో.