బుద్ధుడి ఊళ్ళకు బయల్దేరే ముందు

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఫిబ్రవరిలో స్నేహితురాళ్ళతో కలిసి లుంబిని, బుద్ధగయ, సారనాథ్, కుశీనగర్ చూసొస్తామని రాశావు. ఈలోపు తొలినాటి బౌద్ధం గురించి కాస్త చదువుకోవాలని ఉందనీ, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందనీ అన్నావు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ కాలేజీలో చరిత్రే చెప్పినదాన్ని కాబట్టి ఈ విషయంలో నా మాట విను. సిద్ధార్థుడి పుట్టుక దగ్గర మొదలుపెట్టకు. అశోకుడి దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడువు.

ఎందుకంటే, బుద్ధుడు ఏదీ రాసిపెట్టలేదు. శిష్యులు తరతరాలుగా ఆయన మాటలను కంఠస్థం చేసి ఒకరికొకరు అప్పజెప్పుకుంటూ వచ్చారు. శ్రీలంకలో పాలి త్రిపిటకాన్ని, అంటే ఆ బోధలూ నియమాల సంకలనాన్ని, గ్రంథస్థం చేసింది క్రీ.పూ. 1వ శతాబ్దంలో. మనం చిన్నప్పటి నుంచి వినే జీవితకథ పూర్తి రూపం తెచ్చుకున్నది అంతకంటే తర్వాత. అశోకుడి శాసనాలు అలా కాదు. క్రీ.పూ. 3వ శతాబ్దంలో చెక్కింది చెక్కినట్టే మన కళ్ళముందు ఉంది. తర్వాతి శతాబ్దాల్లో ఆ లిపినే జనం మరిచిపోయారు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ ఆ బ్రాహ్మీ లిపిని చదివేదాకా ఆ రాళ్ళు నోరు విప్పలేదు.

రైలెక్కే ముందు ఒక ఆదివారం ఎర్రగుడి వెళ్ళిరా. గుత్తి నుంచి పత్తికొండ వెళ్ళే దారిలో ఉంటుంది. అశోకుడి పద్నాలుగు శాసనాలూ, చిన్న శాసనాలూ అక్కడి బండల మీద ఒకే చోట దొరుకుతాయి. పొద్దున్నే వెళ్ళు. ఏటవాలు ఎండలో అక్షరం తేలి కనిపిస్తుంది, మిట్టమధ్యాహ్నం రాయిలో కలిసిపోతుంది. చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికీ, కొన్ని కుడి నుంచి ఎడమకూ నడుస్తాయి. ఎక్కడ దిశ మారిందో వేలితో గాలిలో గీసి చూసుకో, రాయిని మాత్రం తాకకు.

ఆ పద్నాలుగింటిలో పదమూడో శాసనాన్ని అనువాదంలో నిదానంగా చదువు. కళింగ యుద్ధంలో లక్షమంది చనిపోయారనీ, లక్షన్నర మందిని ఊళ్ళ నుంచి తరలించారనీ గెలిచిన రాజే చెక్కించుకున్నాడు. అదే శాసనంలో ఐదుగురు గ్రీకు రాజుల పేర్లున్నాయి. వాళ్ళ కాలం మనకు విడిగా తెలుసు కాబట్టి అశోకుడి కాలం తేలింది, సుమారు క్రీ.పూ. 268 నుంచి 232 వరకు. బుద్ధుడి కాలాన్ని దీన్నుంచే వెనక్కి లెక్కగడతారు. పరినిర్వాణం, అంటే బుద్ధుడి మరణం, తర్వాత 218 ఏళ్ళకు అశోకుడు పట్టాభిషిక్తుడయ్యాడని సింహళ గ్రంథాలు చెబితే, సుమారు 100 ఏళ్ళకే వచ్చాడని ఉత్తరాది సంప్రదాయం చెబుతుంది. మొదటి లెక్కన పరినిర్వాణం క్రీ.పూ. 480ల్లో పడుతుంది, రెండో లెక్కన దాదాపు శతాబ్దం ఇవతలికి జరుగుతుంది. 1956లో మన దేశం 2500వ బుద్ధ జయంతి జరిపింది క్రీ.పూ. 544 అనే సంప్రదాయ లెక్క ప్రకారం. ఒక్కో పుస్తకంలో ఒక్కో తేదీ కనిపిస్తే కంగారుపడకు. వాళ్ళు ఏ లెక్క పట్టుకున్నారో చూసుకుంటే చాలు.

లుంబినిలో అందరూ మాయాదేవి గుడిలోకి పరుగెడతారు. నువ్వు ముందు అశోకుడి స్తంభం దగ్గర ఆగు. 1896లో మట్టి తీస్తే ఆ శాసనం బయటపడింది. ఉన్నవి ఐదే చిన్న పంక్తులు. పట్టాభిషేకమైన ఇరవయ్యో ఏట రాజు స్వయంగా వచ్చి పూజ చేశాడనీ, శాక్యముని బుద్ధుడు ఇక్కడ పుట్టాడనీ, అందుకే రాతి స్తంభం నిలిపాడనీ ఉంటుంది. చివర్లో ఒక పన్ను సంగతి. భగవంతుడు పుట్టిన ఊరు కాబట్టి లుమ్మిని గ్రామానికి ఒక పన్ను పూర్తిగా ఎత్తేసి, పంటలో వాటాను ఎనిమిదో వంతుకు దించాడు. నాకు ఆ శాసనంలో అన్నిటికంటే ఇష్టమైన మాట ఇదే. బుద్ధుడి పేరు చెప్పుకుని ఆ ఊరి రైతు ఇంట్లో నాలుగు గింజలు ఎక్కువ మిగిలాయి.

ఇంకో రాయి ఉంది, రాజస్థాన్‌లోని బైరాట్ దగ్గర దొరికింది, ఇప్పుడు కోల్‌కతాలో ఉంది. దానిమీద అశోకుడు ఏడు ధర్మపాఠాల పేర్లు చెప్పి, భిక్షువులూ భిక్షుణులూ, గృహస్థులైన ఆడవాళ్ళూ మగవాళ్ళూ వాటిని తరచూ విని మననం చేయాలని కోరాడు. అందులో ఒకటి, అబద్ధమాడటం గురించి బుద్ధుడు తన కొడుకు రాహులుడికి చేసిన బోధ. తాటాకులకెక్కక ముందే ఈ పాఠాలు పేర్లతో సహా జనం నోళ్ళలో ఉన్నాయని దీంతో రుజువైంది. ఇక అక్కడి నుంచి పాలి సుత్తాల్లోకి, అంటే బుద్ధుడి బోధల్లోకి, ధైర్యంగా వెళ్ళొచ్చు.

అక్కడ నీకు మరో సిద్ధార్థుడు కనిపిస్తాడు. ముసలివాణ్ణీ, రోగినీ, శవాన్నీ, సన్యాసినీ చూసి కదిలిపోయిన కథ పాలి సుత్తాల్లో విపస్సి అనే పూర్వబుద్ధుడికి చెప్పింది. గౌతముడు తన గురించి తాను చెప్పుకున్నట్టున్న చోట చాలా సూటిగా ఉంటుంది. నల్లటి జుట్టున్న పడుచు వయసులో, అమ్మానాన్నలు ఇష్టపడక కన్నీళ్ళు పెట్టుకుంటుండగా తల గొరిగించుకుని ఇల్లు విడిచాను అంటాడు. అర్ధరాత్రి గుర్రమెక్కి వెళ్ళిన కథను తీసిపారేయమని నేననను, కోట్లమంది భక్తి దానిలో ఉంది. కానీ ఈ మాటలు ముందు చదువు. ఆలార కాలాముడు, ఉద్దక రామపుత్రుడు అనే ఇద్దరు గురువుల దగ్గర ఆయన శిష్యరికం చేసి, తృప్తి లేక బయటకొచ్చిన సంగతి కూడా అక్కడే ఉంది.

అది మగధ, కోసల రాజ్యాలు గణరాజ్యాలను మింగేస్తున్న కాలం. ఇనుప పనిముట్లు, వరి మళ్ళు, పట్టణాలు, ముద్రలు కొట్టిన వెండి నాణేలు గంగా మైదానాన్ని మార్చేస్తున్నాయి. ఈ నేపథ్యం ఏ మంచి పాఠ్యపుస్తకంలోనైనా దొరుకుతుంది. భిక్షువుల సంఘం ఎలా నడిచిందో, వాళ్ళ నియమాల గ్రంథమైన వినయపిటకంలో చూడు. ఏదో ఒకటి జరిగాక, దాన్ని బట్టి నియమం పుట్టేది. వానాకాలంలో కూడా భిక్షువులు తిరుగుతూ పచ్చగడ్డినీ, చిన్న ప్రాణులనూ తొక్కేస్తున్నారని జనం మండిపడితే, వానలు కురిసినన్నాళ్ళూ ఒకచోట ఉండాలన్న నియమం వచ్చింది. శాక్యుల ఇళ్ళల్లో క్షురకుడైన ఉపాలి, శాక్య కుర్రాళ్ళకంటే ముందు దీక్ష పుచ్చుకుని వాళ్ళ చేత నమస్కారం అందుకున్నాడు. స్త్రీలకు మాత్రం తలుపు సులువుగా తెరుచుకోలేదు. బుద్ధుణ్ణి పెంచిన పినతల్లి మహాప్రజాపతి గౌతమి మూడుసార్లు అడిగి కాదనిపించుకుంది, వైశాలి దాకా నడిచి వెళ్ళాక బుద్ధుడి వెన్నంటి ఉండే శిష్యుడు ఆనందుడు ఆమె తరఫున వాదించాడు. ఆ తర్వాత వచ్చిన భిక్షుణుల పాటలు థేరీగాథలో ఉన్నాయి. ముత్త అనే భిక్షుణి మూడు వంకర వస్తువుల నుంచి విముక్తి దొరికిందని పాడింది. రోలు, రోకలి, మొగుడు! నువ్వూ నీ స్నేహితురాళ్ళూ రైల్లో ఇవే చదువుకోండి.

మన గోదావరి కూడా ఈ కథలో ఉంది, అది వదలకు. సుత్తనిపాతం అనే పాలి గ్రంథం చివర్లో బావరి అనే ముసలి బ్రాహ్మణుడు అస్సక దేశం సరిహద్దులో గోదావరి ఒడ్డున ఉంటాడు. తాను నడవలేక, పదహారుమంది శిష్యులను బుద్ధుడి దగ్గరకు పంపుతాడు. వాళ్ళు ప్రతిష్ఠానం, మాహిష్మతి, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, శ్రావస్తి మీదుగా మగధ చేరి ఒక్కొక్కరూ ప్రశ్న అడుగుతారు. అస్సకుల రాజధాని మన బోధన్ పట్టణమేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. మ్యాపు మీద ఆ దారి గీసి చూడు, ఎంత దూరం నడిచారో అప్పుడు తెలుస్తుంది.

సంగీతుల, అంటే బోధలను సరిచూసుకోవడానికి భిక్షువులు జరుపుకున్న మహాసభల, పేర్లు బట్టీ పట్టక్కర్లేదు. రాజగృహంలో మొదటిది, సుమారు నూరేళ్ళకు వైశాలిలో రెండోది, అశోకుడి కాలంలో పాటలీపుత్రంలో మూడోది అని గుర్తుంటే చాలు. వైశాలిలో గొడవ వెండి బంగారాలు తీసుకోవచ్చా అన్నదాకా వెళ్ళిందని మాత్రం మరిచిపోకు. సారనాథ్‌లో విరిగిన అశోక స్తంభం మీద, సంఘాన్ని చీల్చినవాళ్ళకు తెల్లబట్టలు కట్టించి బయట ఉంచాలన్న ఆజ్ఞ చూసినప్పుడు ఆ గొడవలు గుర్తొస్తాయి. నాలుగు సింహాలు పక్కనే మ్యూజియంలో ఉన్నాయి. దానికి శుక్రవారం సెలవు.

ప్రయాణంలో వెంట ఉంచుకోవలసింది మహాపరినిర్వాణ సుత్తం. ఎనభై ఏళ్ళ మనిషి రాజగృహం నుంచి కుశీనగర్ దాకా చేసిన ఆఖరి నడక అది. పాటలి అనే పల్లెలో మగధ మంత్రులు పొరుగు గణరాజ్యమైన వజ్జిలకు భయపడి కోట కట్టిస్తుంటే బుద్ధుడు చూస్తాడు. ఆ పల్లె ఇప్పటి పట్నా. కుశీనగర్ చేరాక ఆనందుడు తలుపు చెక్కకు ఆనుకుని, నేనింకా నేర్చుకోవలసింది ఉండగానే గురువుగారు వెళ్ళిపోతున్నారని ఏడుస్తాడు. ఆ పేజీ అక్కడ కూర్చునే చదువు.

గయలో ఒక పూట మిగుల్చుకుని బరాబర్ కొండలకు కారు మాట్లాడుకోండి. అశోకుడు అక్కడి గుహలను బౌద్ధులకు కాదు, మక్ఖలి గోసాలుడి అనుచరులైన ఆజీవకులకు ఇచ్చాడు. మహావీరుడు, మక్ఖలి గోసాలుడు, ఇంకా ఇల్లు విడిచి తిరిగే ఎందరో శ్రమణులు ఒకే ఊళ్ళలో, ఒకే జనం ముందు వాదించుకున్న కాలం అది. వాళ్ళెవరో తెలియకపోతే బుద్ధుడు ఎవరికి జవాబు చెబుతున్నాడో అర్థం కాదు. లోపలి గోడలు అద్దంలా నునుపుగా ఉంటాయి, టార్చి తీసుకెళ్ళు. లుంబిని నేపాల్‌లో ఉంది కాబట్టి, సొనౌలీ దగ్గర సరిహద్దు దాటడానికి ఓటరు కార్డు గానీ పాస్‌పోర్టు గానీ అందరి దగ్గరా ఉండేలా చూడు. డిసెంబరు, జనవరిల్లో అక్కడి పొగమంచుకి రైళ్ళు గంటలకొద్దీ ఆలస్యమవుతాయి కాబట్టి ఫిబ్రవరి అనుకోవడం మంచిదే అయింది, ఆ తేదీలను జనవరికి మార్చకండి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ