టెక్ సందేహాలు: వానకు మోసపోని లోహపు బటన్

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ గేటుకున్న కెపాసిటివ్ కీప్యాడ్ వాన పడితే తనంతట తానే నొక్కుకుంటోంది. బదులుగా 3 మి.మీ. అల్యూమినియం పలక వెనక 27 మి.మీ. పీజో బిళ్ల అతికించి ఆర్డుయినో అనే చిన్న కంట్రోలర్ బోర్డుకి కలిపాను. పలకను ఎక్కడ తట్టినా, గేటు వేసినా, ఆటో వెళ్లినా స్పందిస్తోంది. కోడ్‌లో ఫిల్టర్ పెడితే సరిపోతుందా? – కూకట్‌పల్లి పాఠకుడు

జవాబు: సరిపోదు. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే ఆ ఇత్తడి బిళ్ల బజర్ల కోసం చేసింది. 4 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల వంగుతూ మోగుతుంది. వంపు తరంగాలకు పలకలో అడ్డే ఉండదు, మూలల దాకా పోయి తిరిగొస్తాయి. ఒక్క బిళ్లతో ఎక్కడ తట్టారో తేల్చడం కష్టం.

బటన్ ఉన్నచోటే చిక్కుకుపోయే కంపనం కావాలి. పలక పై ముఖం ఒక పక్కకి, కింది ముఖం ఎదురు పక్కకి జరిగే షియర్ కంపనం ఒక ఫ్రీక్వెన్సీ దాటాకే పలకలో ప్రయాణిస్తుంది. షియర్ వేగాన్ని మందానికి రెట్టింపుతో భాగిస్తే ఆ హద్దు వస్తుంది. అల్యూమినియంలో ఆ వేగం సెకనుకు సుమారు 3,100 మీటర్లు. అంటే 3 మి.మీ. మందానికి 517 కిలోహెర్ట్జ్, 2.7 మి.మీ.కి 574. ఈ రెంటి మధ్య ఫ్రీక్వెన్సీ మందమైన చోట ఆడుతుంది, పల్చని చోట అడుగు ముందుకు పడక అణగారిపోతుంది.

కాబట్టి పలక వెనకవైపు 25 మి.మీ. వ్యాసం బటన్‌ను అలాగే ఉంచి, చుట్టూ 12 మి.మీ. వెడల్పున, 0.3 మి.మీ. లోతున గాడి తీయించండి. బాలానగర్ మిల్లింగ్ షాపుల్లో చేస్తారు. లోతు అంతటా ఒకేలా ఉండాలని గట్టిగా చెప్పండి, పలకను బిగించినప్పుడు వంగితే గాడి ఒకవైపు పల్చనవుతుంది. గాడిలో ప్రతి రెండు, రెండున్నర మిల్లీమీటర్లకు కంపనం మూడో వంతుకు పడిపోతుంది. అవతలి అంచుకి నూరో వంతు కూడా మిగలదు. ఇక బయట స్క్రూలు ఎంత బిగించినా బటన్‌కి పట్టదు.

కంపనం మెలితిరిగే రకం (టార్షనల్ మోడ్) అయితేనే మేలు. మిగతావి వంపు తరంగాలుగా మారి కారిపోతాయి. దీన్ని పుట్టించడానికి బిళ్ల, జిగురు కూడా అక్కర్లేదు. రెండు చిన్న నియోడిమియం అయస్కాంతాలను వ్యతిరేక ధ్రువాలతో పక్కపక్కన పెట్టి, వాటికీ పలకకీ మధ్య చదునైన రాగి కాయిల్ ఉంచండి. కాయిల్‌లో ఒక తిన్నని వైపు మొదటి అయస్కాంతం మీదుగా రెండోదాని మీదకి సాగాలి, తిరుగు వైపు రెండింటికీ బయట ఉండాలి. అప్పుడే రెండు సగాలూ ఎదురెదురుగా లాగి బటన్‌ను మెలిపెడతాయి. కాయిల్ 20 మైక్రోహెన్రీలు తూగితే 4.7 నానోఫారడ్ కెపాసిటర్‌తో ట్యూన్ అవుతుంది.

510 నుంచి 545 కిలోహెర్ట్జ్ దాకా 100 హెర్ట్జ్ చొప్పున వెతకండి. కంపనం ఉన్నట్టుండి బలపడే చోటు దొరికాక ఆ ఫ్రీక్వెన్సీలో కొద్దిసేపటి సిగ్నల్ (బర్స్ట్) పంపి, కాయిల్ సొంత మోత తగ్గేదాకా ఆగి, కంపనం ఎంతసేపు నిలుస్తుందో కొలవండి. సిగ్నల్ చాలా బలహీనంగా వస్తుంది, మంచి ఆంప్లిఫయర్ తప్పదు. వేలు తగిలితే కంపనం త్వరగా చస్తుంది. నీళ్లు పడితే అంతగా చావదు, ఎందుకంటే ముఖం పక్కకే జరుగుతుంది, నీటికి షియర్ బిగువు లేదు. మైక్రాన్ లోపు పొర మాత్రమే కదులుతుంది. గ్రీజు మాత్రం వేలిలాగే మోసం చేస్తుంది.

మే ఎండలో పలక 30 డిగ్రీలు వేడెక్కితే ఫ్రీక్వెన్సీ మూడు, నాలుగు కిలోహెర్ట్జ్ దాకా దిగుతుంది. అందుకే కొన్ని నిమిషాలకోసారి మళ్లీ వెతికించండి. ఒకే ఫ్రీక్వెన్సీని కోడ్‌లో రాసేస్తే మధ్యాహ్నం గేటు తెరుచుకోదు.

ప్రశ్న: క్వార్ట్జ్ క్రిస్టల్‌ని అంచుల దగ్గర క్లిప్పులు పట్టుకున్నా ఎలా ఆగకుండా ఊగుతుంది? – మౌలాలి విద్యార్థిని

జవాబు: సూత్రం అదే. కరెంటు అందించే లోహపు పూత (ఎలక్ట్రోడ్) మధ్యలోనే ఉంటుంది. ఆ లోహపు బరువు అక్కడి హద్దు ఫ్రీక్వెన్సీని కాస్త దించుతుంది, కంపనం దానికిందే ఉండిపోతుంది. 1959లో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త సౌర్‌బ్రే చూపిన లెక్క ప్రకారం 5 మెగాహెర్ట్జ్ ఏటీ కట్ (ఒక నిర్ణీత కోణంలో కోసిన) క్రిస్టల్ మీద చదరపు సెం.మీ.కి 17.7 నానోగ్రాములు చేరితే ఒక హెర్ట్జ్ తగ్గుతుంది. ఇలా క్రిస్టల్‌తో ఏదైనా పూతను తూచాలంటే దాన్ని ఎలక్ట్రోడ్ మీదే వేయాలి, అంచున వేస్తే రీడింగ్ దాదాపు కదలదు.