పర్లాకిమిడికి కొత్తగా వచ్చారు, మొక్కలంటే ఇష్టం. మరి ఎవరిని కలవాలి?

మీరు అడిగింది ఇదీ: ఉద్యోగ విరమణ తర్వాత ఆంధ్రా సరిహద్దును ఆనుకున్న ఒడిశా ఊరు పర్లాకిమిడిలో ఇల్లు కట్టుకున్నారు, పెరట్లో కాస్త నేల ఉంది, మొక్కలంటే ప్రాణం. కానీ ఊళ్లో ఎవరూ తెలియదు, ఒడియా రాదు. ఇక్కడ తోటపని చేసేవాళ్లతో ఎలా కలవాలి, అసలు కలవాల్సిన అవసరం ఉందా అని.

ఉందండి. కబుర్ల కోసం మాత్రమే కాదు, మీ మొక్కలు మిగలడం కోసం.

నేను పెళ్లయి ఈ ఊరు వచ్చిన నాటి నుంచి పెరటి పనిలోనే ఉన్నాను. పుట్టిల్లు సరిహద్దు అవతల టెక్కలి వైపు, అక్కడా ఇదే పని. ఇన్నేళ్ల మీద చెప్తున్నాను, మొదటి నెల నర్సరీకి వెళ్లకండి. పొద్దు వాలాక వీధుల్లో నడవండి. ఏ గోడ మీద ఏ తీగ పాకిందో, ఏ పెరట్లో నిమ్మ విరగకాసిందో చూడండి. మీ వీధి మట్టిలో, మీ వీధి నీళ్లతో ఏది బతుకుతుందో దానికంటే బాగా ఎవరూ చెప్పలేరు. గేటు దగ్గర ఆగి "ఈ మల్లె ఏ రకమండీ, ఎంత బాగా పూసిందో" అంటే చాలు. ఆ మాటకి తలుపు తీయని మనిషి నాకింకా తగల్లేదు. దొంగిలించిన మొక్కే బాగా బతుకుతుందని మనవాళ్లు అంటుంటారు కానీ, మా వీధిలో దొంగిలించే అవకాశం ఇవ్వరు. మీరు చెయ్యి చాపేలోపే కొమ్మ విరిచి చేతిలో పెడతారు.

భాష గురించి టెన్షన్ వద్దు. 1936లో ఒడిశా ఏర్పడ్డాక కూడా ఈ ఊళ్లో రెండు భాషలూ పక్కపక్కనే బతుకుతున్నాయి, బజార్లో సగం మందికి తెలుగు వచ్చు. పైగా గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకున్న ఊరిది. మొక్కల కోసం మీరు నాలుగు ఒడియా మాటలు నేర్చుకోలేరా?

ఇక్కడ మొక్కల బంధుత్వం నడిచేదంతా పండుగల మీద. ఉగాదికి వేపపువ్వు మా చెట్టుది పక్కవాళ్లకి వెళ్తుంది. ఏప్రిల్ నడిమిలో ఒడియావాళ్లకి కొత్త సంవత్సరం వస్తుంది, పణా సంక్రాంతి. ఆ రోజు మారేడు పండు గుజ్జుతో పానకం చేస్తారు, అందుకని మారేడు చెట్టున్న ఇంటికి చాలా గిరాకీ. వినాయక చవితికి అదే చెట్టు ఆకు కోసం మనం వెళ్తాం. మార్గశిరంలో ప్రథమాష్టమి వస్తుంది. ఇంట్లో పెద్ద బిడ్డకి కొత్త బట్టలు పెట్టి హారతిస్తారు, పసుపు ఆకులో పిండి పరిచి, లోపల కొబ్బరీ బెల్లం పెట్టి, మడిచి ఆవిరి మీద ఉడికిస్తారు. ఎండురి పిఠా అంటారు. ఆ వాసన వీధంతా కొడుతుంది. ముందు రోజు సాయంత్రం పసుపు ఆకుల కోసం పిల్లలు మా గేటు దగ్గర వరస కడతారు. మర్నాడు పిఠాలు మా ఇంటికి వస్తాయి. పసుపు మేమెప్పుడూ దుంప కోసమే వేసేవాళ్లం. ఆకుకి ఇంత విలువ ఉందని నాకు తెలిసింది ఈ ఊళ్లోనే.

ఆ పణా సంక్రాంతి రోజునే వాళ్లు తులసి మీద అడుగున చిల్లు పెట్టిన చిన్న కుండ వేలాడదీస్తారు. ఎండలు ముదిరే రోజుల్లో చుక్కా చుక్కా నీళ్లు పడుతూనే ఉంటాయి. పక్కింటి మావుసీ (ఒడియాలో పిన్ని) దగ్గర చూసి, నేను కరివేపాకు మొక్కకీ కొత్తగా వేసిన నిమ్మకీ అలాగే కట్టాను. చిల్లులో పాత గుడ్డ పేలిక దోపితే ధార కట్టకుండా చుక్కలుగా జారుతుంది. మే నెలలో రెండు రోజులు ఊరెళ్లినా దిగులుండదు.

ఇక మొక్కలు మిగలడం అన్నాను కదా, దాని సంగతి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మా గజపతి జిల్లాలో వానలకి కొండచరియలు విరిగిపడి మనుషులే పోయారు, అక్కడ పెరటి మాట ఎవరెత్తుతారు? అయినా మా ఇంట్లో జరిగింది చెప్తాను. మునగ, బొప్పాయి, అరటి మొత్తం నేలకొరిగాయి. చిక్కుడు పందిరి గోడ అవతల పడింది. అటక మీది రేకు లేచిపోయి విత్తనాల సీసాల్లోకి నీళ్లు దిగాయి, పది రోజులకి అన్నీ బూజు పట్టాయి. అందులో మా అత్తగారి ఎర్ర అంచు చిక్కుడు ఉంది. ఆవిడ తన అత్తగారి దగ్గర నుంచి తెచ్చుకున్న రకం.

అది మళ్లీ మా ఇంటికి కొరాపుట్ వైపున్న జయపురం నుంచి వచ్చింది. బదిలీ మీద వెళ్లిన ఒక టీచరమ్మ వెళ్లేటప్పుడు గుప్పెడు గింజలు పట్టుకెళ్లారు. అక్కడ పందిరేసి, వాళ్ల వీధిలోనూ పంచారట. కబురు తెలిసి, కాసిని బస్సులో పంపించారు. గుండుమల్లె పాతపట్నం నుంచి వచ్చింది, కనకాంబరం వెనక వీధి నుంచి. ముళ్ల వంగ మాత్రం రాలేదు. దాన్ని ఎవరూ ఎప్పుడూ అడగలేదు, ముళ్లని వెక్కిరించేవారు. కాయ ఎంత వెన్నలా ఉడికేదో వాళ్లకేం తెలుసు.

అందుకే నా లెక్కలో విత్తనం సీసాలో కన్నా నాలుగిళ్లలో ఉండటమే క్షేమం. మీ మొక్కని కాపాడుకోవాలంటే పంచెయ్యండి. తీసుకునేటప్పుడూ ఊరికే తీసుకోవద్దు. మా దగ్గర పద్ధతేమిటంటే, గింజలు ఇచ్చినవాళ్లకి మొదటి కాపు నుంచి కాసిని గింజలు తిరిగి వెళ్లాలి. అవి రాకపోతే రెండోసారి ఎవరూ నోరు తెరిచి తిట్టరు, "ఈ ఏడు గింజ కట్టలేదండీ" అంటారు. అర్థం చేసుకోవాలి.

తిరిగి ఇవ్వాలంటే గింజ పట్టడం రావాలి కదా. బీరకాయని తీగ మీదే ఎండనిచ్చి, కోసి చూరుకి వేలాడదీయండి, లోపల గలగలలాడేదాకా. వంకాయ పసుపు రంగుకి పండాక గుజ్జు నీళ్లలో పిసకండి, తేలిన గింజ పారబోసి మునిగింది ఆరబెట్టండి. చిక్కుడు గింజని బూడిదలో కలిపితే పురుగు తక్కువ. కొన్న ప్యాకెట్ మీద ఎఫ్1 అని, అంటే హైబ్రిడ్ అని ఉంటే మాత్రం శ్రమ వద్దు, ఆ గింజ మళ్లీ తల్లిలా కాయదు, అలాంటిది ఎవరికీ పంచకండి.

మనుషులు ఎందుకు కావాలో ఇంకో ముక్క. మా వీధి చివర నౌపడా-గుణుపురం రైలు లైనులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఉండేవారు. బీరపాదు విరగబూసి, ఒక్క పిందె నిలిచేది కాదు. దిష్టి అని ఎండుమిరపకాయలు కట్టారు. ఆయన పొద్దున్నే లేచి మగ పువ్వు పుప్పొడి ఆడ పువ్వుకి రాసేవారు, గుమ్మడికి చేసినట్టే. గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చుకుంటుంది కాబట్టి ఆ పని పొద్దున చెయ్యాలి, బీర పువ్వు విచ్చేది సాయంత్రం. సంతకి కూరలు తెచ్చే ఒక సవర ఆవిడ నవ్వుకుంటూ చెప్పింది, దీపాలు పెట్టే వేళ చెయ్యమని. ఆ వారంలోనే పిందెలు నిలిచాయి.

అలాగే చిక్కుడు. ఆషాఢంలో వేసింది మేడెక్కినా పువ్వు రాలేదని కొత్తవాళ్లు కంగారుపడి ఎరువు కుమ్మరిస్తారు. మన నాటు తీగ చిక్కుడు పగటి పొద్దు తగ్గితే కానీ పూయదు. దానికి ఎరువు అక్కర్లేదు, కార్తీకం రావాలి.

ఫోన్లో మొక్కల గ్రూపు ఒకటుంది, అందులోనూ చేరండి. ఆకు మీద ఉన్న పురుగు పిండినల్లా పేనుబంకా అని ఫోటో పెడితే నిమిషంలో చెప్తారు, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు అని మందూ చెప్తారు. మిగతా సమయమంతా గుడ్ మార్నింగులే. వెయ్యి రూపాయల విదేశీ మొక్క కొని ఫోటో పెట్టేవాళ్ల మీద నాకు పెద్ద గౌరవం లేదు, అది నా పిచ్చి అనుకోండి.

మీరెప్పుడు నేల తవ్వుతారో రాయలేదు. జూన్ తొలకరి లోపల అయితే ముందు పసుపు వేయండి, గోడ వారగా, మధ్యాహ్నం కాస్త నీడ పడే చోట. కొమ్ములు ఎవరింట్లోనైనా దొరుకుతాయి. ప్రథమాష్టమి నాటికి కింది ఆకులు పసుపెక్కుతాయి, అవి మడిస్తే చిరుగుతాయి. అడగడానికి వచ్చే పిల్లలకి పైనున్న పచ్చటివి కోసివ్వండి.