తక్కువ ఎగిరిన విమానమని తొందరపడకండి

ప్రశ్న: మేం డల్లాస్ దగ్గర ఉంటాం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, హెచ్-1బి వీసా, గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్నాను. నిరుడు ప్రైవేట్ పైలట్ లైసెన్సు వచ్చింది. ఇంధనంతో కలిపి గంటకు 180 డాలర్ల అద్దెకు, ఏడాదికి 60 గంటల దాకా నడుపుతున్నాను. 1978 నాటి సెస్నా 172ఎన్ అనే చిన్న విమానం ఒకటి 98 వేల డాలర్లకు అమ్మకానికి వచ్చింది. 2004లో ఇంజన్ ఓవర్‌హాల్ (మొత్తం విప్పి, అరిగిన భాగాలు మార్చి మళ్లీ బిగించడం) చేశారట, ఆ తర్వాత 210 గంటలే ఎగిరింది. కారైనా తక్కువ తిరిగితే మంచిదే కదా అంటున్నారు మిత్రులు. పొదుపు లక్షా 40 వేలు ఉంది. అందులో 60 వేలు పెట్టి, మిగతాది లోను తీసుకుందామని ఆలోచన. మూడేళ్లలో బాబు కాలేజీకి వెళ్తాడు. కొనమంటారా?

జవాబు: ఈ ధరకు వద్దు. మీ వీసా పరిస్థితి మారేదాకా అసలు ఏ విమానమూ కొనవద్దనే చెబుతాను.

ముందు ఆ 210 గంటల సంగతి చూద్దాం. ఇరవై ఏళ్లకు పైగా కాలంలో 210 గంటలంటే ఏడాదికి పది గంటలు. అంటే నెలల తరబడి కదలకుండా ఉందన్నమాట. ఈ విమానంలో ఉండేది లైకమింగ్ కంపెనీ ఇంజన్. ఆ కంపెనీ ఇంజన్లలో వాల్వులను తెరిపించే క్యామ్‌షాఫ్ట్ పైభాగాన ఉంటుంది. ఇంజన్ తిరగకపోతే దాని మీది ఆయిల్ కిందికి జారిపోతుంది, తేమ తగిలి తుప్పు పడుతుంది. మళ్లీ తిప్పినప్పుడు ఆ తుప్పు పట్టిన చోట లోహం రేగి క్యామ్, దాని మీద ఆని కదిలే టాపెట్లు అరిగిపోతాయి. పైగా 172ఎన్‌లో వచ్చే ఓ-320-హెచ్2ఏడి ఇంజన్‌కు సరిగ్గా ఈ క్యామ్, టాపెట్ల విషయంలోనే చెడ్డపేరుంది. అందుకే ఆయిల్‌లో అరుగుదల తగ్గించే ప్రత్యేక అడిటివ్ కలపాలని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ఆదేశించింది. అది క్రమం తప్పకుండా కలిపారో లేదో విమానం రిపేర్లు, సర్వీసులు రాసే లాగ్‌బుక్‌లో కనిపించాలి.

2,000 గంటలు లేదా 12 ఏళ్లు, ఏది ముందైతే అప్పుడు ఓవర్‌హాల్ చేయించమంటుంది లైకమింగ్. సొంతానికి నడుపుకునేవారికి అది చట్టరీత్యా తప్పనిసరి కాదు, కానీ డబ్బు లెక్కలో తప్పనిసరే. మీరు చూసిన ఇంజన్‌కు ఆ 12 ఏళ్లు ఎప్పుడో దాటిపోయాయి. ఓవర్‌హాల్‌కు 40 వేలు అనుకుంటే ఆ విమానం అసలు ఖరీదు లక్షా 38 వేలు. ఇంజన్ ఆయుష్షు అయిపోయిందనే లెక్కతో బేరమాడండి. కనీసం 30 వేలు తగ్గిస్తే తప్ప అది చూడదగ్గ బేరం కాదు. వారం వారం ఎగురుతూ 1,200 గంటలు నడిచిన ఇంజన్, పక్కాగా రాసిన లాగ్‌బుక్‌లు ఉన్న విమానం దొరికితే నేను దానికే ఓటేస్తాను.

ఇక ఏటా అయ్యే ఖర్చు. హ్యాంగర్ (విమానం ఉంచే షెడ్డు) అద్దె నెలకు 400 చొప్పున 4,800, బీమా 1,800, ఏటా చేయించాల్సిన యాన్యువల్ ఇన్‌స్పెక్షన్ 2,500, చిల్లర రిపేర్లు 2,500, ఓవర్‌హాల్ కోసం పక్కన పెట్టాల్సింది 3,300. మీరు ఒక్క గంట ఎగరకపోయినా ఈ 14,900 డాలర్లు పోతాయి. గంటకు ఎనిమిదిన్నర గ్యాలన్లు, గ్యాలన్ 6 డాలర్లనుకుంటే ఇంధనం గంటకు 51. మొత్తం కలిపి 60 గంటలకు దాదాపు 18 వేలు, అంటే గంటకు 300. లోను వడ్డీ ఇందులో లేదు. ఇప్పుడు అద్దెకు మీరు కడుతున్నది ఏడాదికి 10,800. మీ ఊళ్లో రేట్లు కాస్త అటూ ఇటూ ఉండొచ్చు, కానీ ఏడాదికి 115 గంటలు దాటితే గానీ సొంత విమానం అద్దెతో సమానం కాదు.

వీసా సంగతి వీటన్నిటికంటే పెద్దది. అమెరికాలో వ్యక్తి తన పేరుమీద విమానం రిజిస్టర్ చేసుకోవాలంటే పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉండాలి. హెచ్-1బి మీద కుదరదు. ట్రస్టు పేరుమీదో కంపెనీ పేరుమీదో చేసే దారులున్నాయి గానీ, వాటికి ఏవియేషన్ లాయర్ కావాలి, ఫీజులు అదనం. అంతకంటే నా టెన్షన్ వేరే. ఉద్యోగం పోతే మీకుండే గడువు మహా అయితే 60 రోజులు. ఆ తొందరలో పాత విమానాన్ని మంచి ధరకు అమ్మడం చాలా కష్టం. 60 వేలు ఇచ్చేసి, ఇంజన్‌కు ఇంకో 40 వేలు పెడితే చేతిలో మిగిలేది 40 వేలు. బాబు మొదటి ఏడాది ఫీజు, ఇంటి ఖర్చులు, లోను కిస్తీ అన్నీ అందులోంచే రావాలి.

ఎగరడం మానొద్దు. కష్టపడి తెచ్చుకున్న లైసెన్సు అది. దగ్గర్లో ఫ్లయింగ్ క్లబ్ ఉంటే చేరండి, అద్దె ఇంకా తగ్గొచ్చు. గ్రీన్‌కార్డు వచ్చాక మరో ఇద్దరితో కలిసి వాటా కొనుక్కుంటే ఆ 14,900 మూడు భాగాలవుతుంది. అప్పుడు ఏడాదికి 60 గంటలకే లెక్క సరిపోతుంది.

ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చి ఉంటే, కొనేముందు చేయించే తనిఖీలో తేడా వస్తే డబ్బు వెనక్కి ఇవ్వాలని రాతపూర్వకంగా రాయించుకోండి. తనిఖీకి ఆ విమానాన్ని ఇంతకుముందు చూసిన మెకానిక్ వద్దు, మీరు కుదుర్చుకున్నవారే కావాలి. ఆయిల్ ఎనాలిసిస్ (ఆయిల్‌లో లోహపు రజను ఉందేమో చూసే పరీక్ష) చేయించి, కనీసం ఒక సిలిండర్ విప్పి క్యామ్ కళ్లతో చూడమనండి. అమ్మేవారు అందుకు ఒప్పుకోకపోతే అడ్వాన్సు తిరిగి అడగండి.