మెల్‌బోర్న్‌లో ఎలక్ట్రీషియన్ లైసెన్స్: ముందు డబ్బు సంగతి చూసుకో తమ్ముడూ

గుంటూరులో ఎనిమిదేళ్ళు వైరింగ్ చేశాను, ఐటీఐ ఉంది, వైర్‌మన్ పర్మిట్ ఉంది, దిగిన నెలకే పనిలో చేరొచ్చా అని అడిగావు. చేరలేవు. నీ పర్మిట్ ఇక్కడ చెల్లదు. అనుభవం చెల్లుతుంది, అదీ కాగితం మీద ఉంటేనే.

ముందు స్కిల్స్ అసెస్‌మెంట్ (నీ పనితనం పరీక్ష), అందులో గట్టెక్కితే నీ నైపుణ్యాన్ని గుర్తించే ఓటీఎస్ఆర్ అనే పత్రం, దాంతో ఇక్కడ లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎనర్జీ సేఫ్ విక్టోరియా దగ్గర సూపర్‌వైజ్డ్ వర్కర్ లైసెన్స్, లైసెన్సున్నవాడి కింద 12 నెలల పని, ఇక్కడి పద్ధతులు నేర్పే గ్యాప్ ట్రైనింగ్, ఆ తర్వాతే ఎ గ్రేడ్, అంటే పూర్తి లైసెన్స్. మిగతా రూల్స్ వాళ్ళ సైటులో ఉన్నాయి, చదువుకో. సిడ్నీ వెళ్తే ఆఫీసు వేరు.

సైటు చూస్తే తెలియనిది డబ్బు ఎలా పోతుందన్నది. నేను కాగితాలు చూసుకోకుండానే అసెస్‌మెంట్ ఫీజు కట్టేశాను. మా పాత కాంట్రాక్టరు ఇచ్చిన లెటర్లో "మంచి కుర్రాడు, నమ్మకస్తుడు" అని ఉంది. పెళ్ళి సంబంధానికైతే పనికొచ్చేది. వీళ్ళకి కావలసింది ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చేశావు, వారానికి ఎన్ని గంటలు, డీబీలు (డిస్ట్రిబ్యూషన్ బోర్డులు) కట్టావా, మోటారు స్టార్టర్లు బిగించావా, దేంతో టెస్ట్ చేశావు అన్నది. జీతం చేతికే ఇచ్చేవాడు కాబట్టి బ్యాంకు ఆధారం కూడా లేదు. ఆ ఫీజు గోవిందా. మళ్ళీ కట్టే డబ్బు పోగయ్యేదాకా గోడౌన్‌లో డబ్బాలు మోస్తూ, ఇంటికి మాత్రం బాగానే ఉన్నానని చెప్పి నెలనెలా పంపుతూ, ఎందుకొచ్చిన గొప్పలో ఇప్పటికీ అర్థం కాదు. నువ్వు ఇంకా గుంటూరులోనే ఉన్నావుగా, విమానం ఎక్కకముందే ఆ లెటర్లు రాయించుకో, పనిచేసిన చోట్ల ఫోటోలు తెచ్చుకో.

అసెస్‌మెంట్ ప్రాక్టికల్లో మనవాళ్ళు పనితనం లేక కాదు, అలవాట్ల వల్ల ఫెయిలవుతారు. టెస్టర్ పెట్టి, వెనక వేలు ఆనించి, లైటు వెలగలేదు కాబట్టి కరెంటు లేదనుకోవడం ఇక్కడ కుదరదు. ముందు మీటరు పనిచేస్తోందో లేదో కరెంటున్న చోట చూడాలి, తర్వాత నువ్వు ఆపిన సర్క్యూట్ చూడాలి, మళ్ళీ వెనక్కొచ్చి కరెంటున్న చోట చూడాలి, ఎందుకంటే మధ్యలో మీటరే చచ్చి ఉండొచ్చు. బ్రేకర్‌కి తాళం, ట్యాగ్ తప్పవు. ఇంకోటి, మన పసుపు ఫేజు మర్చిపో. ఇక్కడ ఫేజుకి పసుపు వైరు వాడకూడదు, మూడు ఫేజులంటే ఎరుపు, తెలుపు, ముదురు నీలం.

మళ్ళీ డబ్బు దగ్గరికొస్తాను. ఫీజుని రూపాయల్లో లెక్కేస్తే గుండె ఆగుతుంది, జీతాన్ని రూపాయల్లో లెక్కేస్తే గాల్లో తేలతావు, రెండూ చెయ్యకు. ఆరు నెలల అద్దె చేతిలో లేకుండా రావద్దు. "లైసెన్స్ మేం ఇప్పిస్తాం" అనే ప్యాకేజీలకి పైసా ఇవ్వకు.

మనవాళ్ళే ఫోన్ చేస్తారు, "చిన్న ఫ్యానే తమ్ముడూ, క్యాష్ ఇస్తాం" అని. లైసెన్స్ లేకుండా సొంతింట్లో పవర్ పాయింట్ మార్చినా ఇక్కడ నేరమే. ఆశపడకు. పన్నెండు నెలలు ఎవరి కింద చేస్తావో అతన్ని మొదటి రోజే అడుగు, పేస్లిప్ ఇస్తావా, సూపర్ (మన పీఎఫ్ లాంటిది) కడతావా, నా పని రికార్డు మీద సంతకం పెడతావా అని. నసిగితే ఇంకొకణ్ణి వెతుక్కో.