మా సారు సైకిల్‌కు ట్రాలీ కట్టారు, నేను గల్లీలో తలెత్తుకోలేకపోతున్నా

ప్రశ్న: నా వయసు 56. మాది నల్గొండ. మా వారు గవర్నమెంటు స్కూల్లో లెక్కలు చెప్పి పోయిన ఏడాది రిటైర్ అయ్యారు. పెన్షన్ వస్తుంది, సొంత ఇల్లు ఉంది, బాబు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. ఏ లోటూ లేదు. ఆరు నెలల కింద నాకొక్క మాటైనా చెప్పకుండా వెల్డింగ్ షాపులో 8 వేలు పెట్టి రెండు చక్రాల ట్రాలీ చేయించి సైకిల్ వెనక తగిలించారు. అప్పటి నుంచి బియ్యం బస్తా, నీళ్ల క్యాన్లు, కూరగాయలు, చివరికి గ్యాస్ సిలిండర్ కూడా దాని మీదనే. స్కూటీకి దుమ్ము పట్టింది. ఆయనకు షుగర్ ఉంది. అయినా పానగల్ బైపాస్ దాటి ఉదయసముద్రం రిజర్వాయర్ దాకా పోయి చేపలు తెస్తారు. పక్కింట్లో ఒంటరిగా ఉండే పెద్దమ్మకు రోజు విడిచి రోజు నీళ్ల క్యాన్ ఈయనే వేస్తారు.

పోయిన నెల మా గల్లీలోకి కొత్తగా దిగినవాళ్లు ఈయనను నీళ్లు వేసే మనిషి అనుకొని క్యాన్ తెమ్మన్నారు. తెచ్చిస్తే చేతిలో 20 రూపాయలు పెట్టారు. ఈయన జేబులో వేసుకొని ఇంటికొచ్చి నవ్వుకుంటూ చెప్పారు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. బాబుకు సంబంధాలు చూస్తున్నాం. వాడు కూడా 'నాన్న పరువు తీస్తున్నాడు, ఎలక్ట్రిక్ స్కూటర్ కొనిస్తా అంటే వద్దంటాడు' అని కోప్పడుతున్నాడు. మా వారిది మర్రిగూడ వైపు పల్లె. మా అత్తగారికి ఫ్లోరైడ్‌తో నడుము వంగిపోతే, ఈయన పన్నెండేళ్ల వయసు నుంచే సైకిల్‌కు బిందెలు కట్టుకొని మంచినీళ్లు మోశారట. ఆ బతుకు నుంచి బయటపడటానికే కదా చదువుకున్నది? మళ్లీ అదే పనా? మూడు వారాల నుంచి నేను ఆయనతో సరిగా మాట్లాడటం లేదు. ఆయనకేమో వంకాయలు ఏరుకొని తేవడం కూడా రాదు, సగం పుచ్చులే. దీన్ని ఎట్లా మాన్పించాలి?

జవాబు: చెల్లెమ్మా, మీ ఉత్తరంలో ట్రాలీ గురించి పది మాటలుంటే మీ అత్తగారి గురించి రెండే ఉన్నాయి. నేను ముందు ఆ రెండు మాటల దగ్గరికే వస్తాను.

మర్రిగూడ, మునుగోడు వైపు అప్పట్లో నీళ్ల బాధ ఎట్లుండేదో ఇప్పటి పిల్లలకు చెప్తే కథ విన్నట్టు వింటారు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. అక్కడి కొన్ని బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. పళ్లకు గార, కాళ్లు వంకర, నలభై ఏళ్లకే మంచం. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అని ఇతర దేశాల్లో కూడా పేరు. మన జిల్లా పేరు పుస్తకాలకు ఎక్కింది ఇట్లా! అటువంటి ఊళ్లో తల్లి లేవలేకపోతే పన్నెండేళ్ల పిల్లవాడు సైకిల్‌కు అటొక బిందె ఇటొక బిందె కట్టుకొని పోయాడంటే, వాడి లెక్కలో నీళ్లు తేవడమంటే ఇంటిని నిలబెట్టడం.

మీకు అది అట్లా కనిపించదు, కనిపించాలని కూడా నేను అనను. మీరు కోడలిగా వచ్చిన రోజుల్లో ఆ కష్టాన్ని చివరి నుంచి చూసి ఉంటారు. నెల జీతం, టౌన్లో ఇల్లు, వాకిట్లో స్కూటీ... ఇవన్నీ మీరిద్దరూ కలిసి సంపాదించుకున్నవి. సైకిల్ మీద నీళ్లు అనగానే మీకు ఆ వెనకటి రోజులు గుర్తొస్తున్నాయి. ఆయనకూ అవే రోజులు గుర్తొస్తున్నాయేమో, కానీ అప్పుడు తప్పనిసరై మోసిన బరువును ఇప్పుడు తన ఇష్టంతో, నాలుగు బిందెల బరువు ఒక్కసారే, చమట పట్టకుండా లాగుతున్నారు. ఆయనకు అది గెలిచినట్టు ఉంటుంది. మీకు ఓడిపోయినట్టు ఉంది. నా ఊహ తప్పు కావచ్చు. ఆయన్నే అడగండి. ఈ ఆరు నెలల్లో మీరు 'ఎవరేమనుకుంటారు' అని ఎన్నోసార్లు అని ఉంటారు. 'నాకు అత్తమ్మ రోజులు గుర్తొస్తున్నాయి, భయమేస్తుంది' అని ఒక్కసారైనా అన్నారా? అని ఉండరనే అనుకుంటున్నాను. పరువు మాట ఎత్తితే ఏ మగవాడైనా మొండికేస్తాడు, అందులోనూ ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పిన సారు.

ఇక ఆ 20 రూపాయలు. మీరు ఆ రాత్రి అన్నం మానేశారంటే అది చిన్న విషయం కాదు. కానీ ఒక్కటి గమనించండి. అవమానం జరిగిందనుకుంటే మగవాళ్లు ఇంట్లో దాస్తారు. ఈయన దాచలేదు, నవ్వుకుంటూ మీకే వచ్చి చెప్పారు. మీరూ నవ్వుతారనుకున్నారు. ఆయన తప్పు ఎక్కడంటే, మీ ముఖం మారడం చూసి కూడా అక్కడితో వదిలేశారు. ఎందుకు అన్నం తినలేదని అడగాల్సింది. ఇంట్లో ఒక్క మాట చెప్పకుండా 8 వేల వస్తువు చేయించడం కూడా తప్పే. మీరు ఆయనకు చెప్పకుండా 8 వేల చీర తెచ్చుకుంటే ఊరుకుంటారా? ఈ రెండూ మీరు నిలదీసి అడగాల్సిన విషయాలు. అడగండి. మాట్లాడటం మానేస్తే మాత్రం ఆయనకు ఏ తప్పుకు శిక్ష పడిందో కూడా తెలియదు, ట్రాలీ మీద కోపమనే అనుకుంటారు.

ట్రాలీని పూర్తిగా మాన్పించే ఉపాయం నేను చెప్పను. రోజూ ఏడు గంటలకు తయారై బడికి పోయే అలవాటున్న మనిషికి పొద్దున్నే ఒక పని దొరికింది. షుగర్ ఉన్న ఒంటికి సైకిల్ మంచిదే. పక్కింటి పెద్దమ్మ నీళ్లకు ఎదురుచూసే పని లేదు. అయితే మీ ఉత్తరంలో పరువు కింద కప్పబడిపోయిన అసలు ప్రమాదాలు కొన్ని ఉన్నాయి. నేను మీ చోట ఉంటే కొట్లాట వాటి మీద పెట్టుకుంటాను.

ఈ బండ్ల సంగతి నాకు కొంచెం తెలుసు. మహబూబ్‌నగర్‌లో మా మరిది మొక్కలు అమ్ముతాడు, ఇట్లాంటి ట్రాలీలోనే కుండీలు తిప్పుతాడు. ఒకసారి మెట్టుగడ్డ దగ్గర సైకిల్‌కు ట్రాలీని తగిలించే కొండి చీల ఊడిపోయింది. సైకిల్ ముందుకు, ట్రాలీ మోరీలోకి. పదకొండు కుండీలు పగిలాయి. వెనక ఆటో రాకపోవడం మా అదృష్టం. అప్పటి నుంచి కొండితో పాటు ఒక గట్టి పట్టీని కూడా సైకిల్ ఫ్రేముకు చుట్టి కడతాడు, చీల ఊడినా బండి ఎటూ పోకుండా. మీ సారు ట్రాలీకి ఆ రెండో కట్టు ఉందా? కొండి దగ్గర అన్ని వైపులా తిరిగే కీలు ఉందా, లేక వెల్డింగ్ అబ్బాయి ఇనప కడ్డీని బిగించేసి వదిలాడా? బిగించేసి ఉంటే ట్రాలీ ఒక చక్రం గుంతలో పడి ఒరిగినప్పుడు సైకిల్‌ను కూడా పడేస్తుంది. కీలు ఉంటే ట్రాలీ ఒక్కటే ఒరుగుతుంది, మనిషి మిగులుతాడు.

బరువు సంగతి ఆయన లెక్కల సారు కాబట్టి ఆయనకే వదలండి, కానీ కాగితం మీద రాయించండి. 20 లీటర్ల క్యాన్ అంటే 20 కిలోల పైనే. రెండు క్యాన్లు, ఒక 25 కిలోల బియ్యం బస్తా వేస్తే 65 కిలోలు దాటింది. దాని మీద సిలిండర్ అంటే, లోపలి గ్యాస్ 14.2 కిలోలే అయినా ఇనుముతో కలిపి 30 కిలోల దాకా ఉంటుంది. మొత్తం దాదాపు 100 కిలోలు ఆయన వెనక నుంచి తోస్తుంటాయి. ట్రాలీకి బ్రేకులు లేవు. ఆపాల్సింది సైకిల్ బ్రేకులే, అవి కూడా మామూలు కడ్డీ బ్రేకులైతే వాన పడ్డప్పుడు అసలే పట్టవు. ఒక ట్రిప్పులో 40, 50 కిలోలకు మించొద్దని ఒప్పందం చేసుకోండి. రెండు ట్రిప్పులు తిరిగితే ఏమీ పోదు, రిటైరైన మనిషికి టైముకు కొదవా? క్యారియర్ మీద బస్తా కట్టడం కంటే ట్రాలీయే నయం, అది ఒప్పుకోవాలి. క్యారియర్ మీద బరువు ఎత్తులో ఉంటుంది కాబట్టి హ్యాండిల్ ఊగుతుంది. ట్రాలీలో బరువు కిందికి ఉంటుంది. కాకపోతే బరువైనవి ఇరుసు మీద, కొంచెం ముందుకు పెట్టాలి. వెనక్కి పెడితే కొండి పైకి లేచి సైకిల్ వెనక చక్రాన్ని ఎత్తేస్తుంది. క్యాన్లు దొర్లకుండా పాత ట్యూబు ముక్కలతో కట్టుకోవాలి.

సిలిండర్ మాత్రం వద్దు. ఇంటికి తెచ్చి ఇవ్వడం ఏజెన్సీ పని, వాళ్లనే తేనివ్వండి. ఇది బతిమాలే విషయం కాదు, గట్టిగా చెప్పండి.

పానగల్ బైపాస్ కూడా అంతే. అది అద్దంకి-నార్కట్‌పల్లి రోడ్డు, సిమెంటు లారీలు, కంటెయినర్లు ఆగకుండా పోతుంటాయి. ట్రాలీ తగిలించిన సైకిల్ రోడ్డు దాటడానికి మామూలు సైకిల్ కంటే ఎక్కువసేపు పడుతుంది. ముందు చక్రం అవతలికి చేరినా తోక ఇంకా లారీ దారిలోనే ఉంటుంది. చేపల కోసం ఆ సాహసం ఎందుకు? చేపలు తేవాలనిపించిన రోజు ట్రాలీ విప్పేసి స్కూటీ మీద పొమ్మనండి, దాని దుమ్ము కూడా దులిపినట్టవుతుంది. ప్రకాశం బజార్, రైతు బజార్, కిరాణా, పిండి గిర్ని - ఇంతవరకు ట్రాలీ హద్దు. గడియారం సెంటర్ కూడా రద్దీ లేని పొద్దుట పూట అయితే సరే. ట్రాలీ వెనక రెండు మూలలకూ ఎర్ర రిఫ్లెక్టర్లు, ఒక పుల్లకు ఎర్ర గుడ్డ కట్టించండి. ట్రాలీ కిందికి ఉంటుంది కదా, వెనక వచ్చే ఆటో డ్రైవర్‌కు సైకిల్ కనిపిస్తుంది కానీ అది కనిపించదు.

షుగర్ ఉందని ఒకే ఒక్క మాట రాసి వదిలేశారు. నాకు అన్నిటికంటే టెన్షన్ అదే. మాత్ర వేసుకొని టిఫిన్ తినకుండా బరువు లాగితే షుగర్ పడిపోయి కళ్లు తిరగవచ్చు. తిన్న తర్వాతే బయలుదేరాలి, జేబులో రెండు చాక్లెట్లో బెల్లం ముక్కో ఉండాలి. ఈసారి డాక్టర్ దగ్గరికి పోయినప్పుడు ఎంత బరువు ఎంత దూరం లాగుతున్నారో ఆయన నోటితోనే చెప్పించండి, ఒకసారి గుండె కూడా చూపించండి. మే నెలలో మన దగ్గర 44, 45 డిగ్రీలు మామూలే. తొమ్మిది దాటితే ట్రాలీ నీడకు రావాల్సిందే.

బాబు సంగతి. వాడు హైదరాబాద్‌లో ఉంటాడు, గల్లీ మాటలు వాడికి మీ ఫోన్లోనే చేరుతున్నాయి. మీరు అన్నం మానేసిన రాత్రి ఫోన్ చేసి ఉంటే వాడికి నాన్న మీద కోపం రాక ఏం వస్తుంది? వాడిని మధ్యలోకి లాగకండి. స్కూటర్ కొనే డబ్బుతో సైకిల్‌కు మంచి బ్రేకులు, ట్రాలీకి ఆ కీలు చేయించమంటే తండ్రీ కొడుకులు ఒక ఆదివారమంతా మెకానిక్ షాపులోనే ఉంటారు. ఆ తర్వాత వాడే ట్రాలీ ఫొటో స్టేటస్‌లో పెట్టుకున్నా నేను ఆశ్చర్యపోను.

సంబంధం వాళ్లు ఇల్లు చూడ్డానికి వచ్చే రోజు ట్రాలీని పెరట్లో పెట్టమని అడగండి, మొహమాటపడొద్దు. ఆ రోజు చెప్పులు కూడా సర్ది పెడతాం, సోఫా మీద కొత్త కవరు వేస్తాం, ఇదీ అంతే. కానీ మాటల్లో వస్తే దాచొద్దు. 'మా సారు సామాన్లు సైకిల్ మీదనే తెస్తారు' అని మీరే అనేస్తే అది మామూలు మాటగా పోతుంది. ఇంకెవరి నోటనో వింటే కథ అవుతుంది. కొత్తగా దిగినవాళ్లకు కూడా ఆయన ఎవరో మీరే ఒకసారి పోయి చెప్పి రండి, ఆ 20 రూపాయలు తిరిగి ఇవ్వక్కర్లేదు.

వంకాయల విషయంలో మాత్రం నేను ఆయన తరఫున మాట్లాడలేను. ఒక ఆదివారం పొద్దున మీరూ రైతు బజారుకు పోయి ఏరి ఇవ్వండి, మోసుకొచ్చే పని ఎట్లాగూ ఆయనదే.