బ్యాలే బూట్లు: ‘పెరిగే కాలు’ లెక్క ఇక్కడ పనికిరాదు

ప్ర: మా పాపకు ఏడేళ్లు. బ్యాలే క్లాసులో చేర్పించాం. కాలు పెరుగుతుంది కదా అని బ్యాలే స్లిప్పర్లు (మెత్తటి డాన్స్ బూట్లు) ఒక సైజు పెద్దవి తీసుకున్నాం. టీచర్ మార్చుకు రమ్మన్నారు. అంత పట్టింపు అవసరమా?
– ఒక తల్లి, డాలస్

జ: మార్చాల్సిందే. స్కూలు బూట్లలో ముందు దూది కుక్కి రెండేళ్లు లాగించడం మనకు అలవాటే గానీ, బ్యాలే స్లిప్పర్ మేజోడులా కాలిని అంటిపెట్టుకుని ఉండాలి. ముందు ఖాళీ ఉంటే పాదం సాచినప్పుడు గుడ్డ ముడతలు పడుతుంది, గిర్రున తిరిగేటప్పుడు మడమ జారుతుంది. పాపను నిలబెట్టి చూడండి: వేళ్లు ముడుచుకోకుండా చాపుగా ఉండాలి, మడమ వెనక గుడ్డ చిటికెలోకి రాకూడదు. మూడు నెలలకోసారి ఇలాగే చూసుకోండి.

చెక్క నేల మీద తోలువి ఎక్కువకాలం మన్నుతాయి. కాన్వాస్‌వి ఉతుక్కోవచ్చు. చిన్నపిల్లలకు అడుగు ఒకే ముక్కగా ఉన్నవే మేలు. ఆ గట్టిదనాన్ని వంచే క్రమంలోనే అరికాలి కండరాలకు బలం వస్తుంది. బూటు జారకుండా పాదం మీదుగా పట్టి ఉంచే ఎలాస్టిక్ ఎక్కడ కుట్టాలో తెలియకపోతే మడమ భాగాన్ని లోపలికి, ముందువైపుకు మడవండి. మడత పడిన చోటే కుట్టు.

ప్ర: అమ్మాయికి పన్నెండేళ్లు. పాయింట్ షూస్ (మునివేళ్ల మీద నిలబడి ఆడేందుకు వేసుకునే గట్టి బూట్లు) ఆన్‌లైన్‌లో తెప్పించవచ్చా?
– హైదరాబాద్ పాఠకురాలు

జ: మొదటి జత వద్దు. అసలు మునివేళ్ల మీద లేవొచ్చా లేదా అన్నది వయసు ఒక్కటే చూసి చెప్పేది కాదు. చీలమండ బలం, ఇన్నేళ్ల సాధన చూసి టీచరే తేల్చాలి. వీటిలో కుడి, ఎడమ తేడా ఉండదు. పొడవు కంటే వెడల్పుతోనే అసలు చిక్కు. వేళ్లను పట్టి ఉంచే గట్టి డొప్పను బాక్స్ అంటారు. అది వెడల్పైతే పాదం లోపలికి దిగిపోయి బరువంతా బొటనవేలి మీద పడుతుంది, గోరు కమిలి నల్లబడుతుంది. ఇరుకైతే వేళ్ల మొదళ్లు నలిగిపోతాయి. పక్కన ఫిట్టింగ్ తెలిసిన మనిషి ఉండి, అమ్మాయి లేచి నిలబడ్డప్పుడు చూస్తే తప్ప ఇవి బయటపడవు. టీచర్ చూడకముందే రిబ్బన్లు కుట్టేయకండి. కుట్టు పడిన జతను సాధారణంగా షాపు వాళ్లు వెనక్కి తీసుకోరు.

ప్ర: పాయింట్ షూస్ ఒక్కో జత వంద డాలర్ల పైమాటే. నెలన్నరకే మెత్తబడుతోంది. లోపల చెక్క ఉండదా? ఎక్కువకాలం రావాలంటే ఏం చేయాలి?
– ఒక తండ్రి, న్యూజెర్సీ

జ: చెక్క ఉండదు. మామూలు రకాల్లో బాక్స్ అంటే గుడ్డ, కాగితం పొరలకు జిగురు పట్టించి ఆరబెట్టిందే. ఆ జిగురుకు చెమటే శత్రువు. అరుగుదల కన్నా ముందు తేమే షూను తినేస్తుంది.

క్లాసు అయిన వెంటనే వేళ్ల దగ్గరి ప్యాడ్లు బయటికి తీయండి. షూస్‌ను ప్లాస్టిక్ కవర్లో కాకుండా వల సంచిలో పెట్టి, గాలి తగిలేచోట కనీసం ఒక రోజు వేలాడదీయండి. క్లాసులు వరసగా ఉంటే రెండు జతలు మార్చి మార్చి వాడడమే పొదుపు. తడి ఆరకముందే మళ్లీ తొడిగితే బాక్స్ త్వరగా నలుగుతుంది.

మెత్తబడడం మొదలైతే కొందరు బాక్స్ లోపల సూపర్ గ్లూ చుక్కలు వేస్తారు. టీచర్ ఒప్పుకుంటేనే వేయండి. కిటికీ తెరిచి పెట్టి వేయాలి, రాత్రంతా ఆరనివ్వాలి. ఒలికినదాన్ని దూదితో మాత్రం తుడవొద్దు: ఆ జిగురు దూదికి తగిలితే చేయి కాలేంత వేడి పుడుతుంది.

నిలబడ్డప్పుడు పాదం ముందుకు ఒరిగిపోతున్నా, అరికాలి కింది పట్టీ, అంటే షాంక్, ఊరికే వంగిపోతున్నా ఆ జత పని అయిపోయినట్టే. ఇంకో వారం లాగిద్దామనుకుంటే చీలమండకు ముప్పు. అయినా పారేయకండి. షాంక్ పీకేస్తే మామూలు క్లాసులో మెత్తటి షూలా, మునివేళ్ల మీద లేవకుండా, ఇంకొన్నాళ్లు వాడుకోవచ్చు.